కనుమనాడు కదిలే స్వామి

అహోబిల నారసింహుని పారువేట: బ్రహ్మోత్సవాలకు ముందు పల్లెపల్లెకూ సాగే పల్లకి పయనం

‘కనుమనాడు కాకి కూడా కదలదు’ అని తెలుగునాట ఒక సామెత. సంక్రాంతి మూడు దినాల పండుగలో చివరిదైన కనుమనాడు ప్రయాణం పెట్టుకోరాదని పెద్దల మాట. పండుగకు వచ్చిన కూతురిని, అల్లుడిని ఆనాడు ఇంటినుండి పంపరు. ఏడాది పొడవునా తమతో పాటు శ్రమించిన పశువులను కడిగి, కొమ్ములకు రంగులద్ది, పసుపు కుంకుమలతో పూజించి వాటికి విశ్రాంతినిస్తారు. మనిషి గానీ, పశువు గానీ, చివరకు పక్షి గానీ ఊరు దాటకూడని దినమది.

సరిగ్గా ఆ దినమే అహోబిల క్షేత్రంలో ఒక పల్లకి కదులుతుంది. లోకమంతా గడప దాటరాదని కూర్చున్ననాడు లోకనాథుడు గడప దాటుతాడు. ఎగువ అహోబిలం నుండి జ్వాలా నరసింహస్వామి, దిగువ అహోబిలం నుండి ప్రహ్లాదవరదస్వామి, ఇరువురూ ఒకే పల్లకిలో వేంచేసి నల్లమల పాదంలోని పల్లెలకు బయలుదేరుతారు. సుమారు 45 దినాలు, ముప్పైకి పైగా గ్రామాలు. ఫాల్గుణ మాసంలో బ్రహ్మోత్సవాలు సమీపించేవరకు స్వామి పల్లెవాసులలో ఒకడై ఉంటాడు. దీనికే పారువేట అని పేరు.

అహోబిలానికి వచ్చే యాత్రికులలో అధికులు బ్రహ్మోత్సవాల సమయంలోనో, స్వాతి నక్షత్రం నాడో, సెలవు దినాలలోనో వస్తారు. నవనారసింహులను దర్శించుకొని, ఉగ్రస్తంభం వైపు చూసి నమస్కరించి వెళతారు. అది పుణ్యమే. అయితే ఆ జనసమ్మర్దం ఆరంభం కాకముందు, ఎవరూ పిలవకముందే, స్వామి తానై చేసే ఈ పయనం గురించి మన ఇండ్లలో తెలిసినవారు తక్కువ. పారువేటలో మన గృహస్థులందరికీ ఒక పాఠమున్నది. దానిని మరచిపోతున్న కాలంలో మనమున్నాము కనుక ఈ నాలుగు మాటలు.

వేటకు వెళ్ళే దేవుడు

పారువేట ఒక్క అహోబిలానికే పరిమితమైన ఉత్సవం కాదు. తిరుమలలో కనుమనాడు మలయప్పస్వామి పారువేట మంటపానికి వేంచేస్తాడు. అక్కడ ఆస్థానమైన పిదప అర్చకులు స్వామి పక్షాన బల్లెం విసిరి వేటను అభినయిస్తారు. కాంచీపుర వరదరాజస్వామి కూడా ఆ పండుగ దినాలలోనే పళయశీవరం కొండకు పారువేటకై బయలుదేరుతాడు. దక్షిణాది వైష్ణవ క్షేత్రాలలో ఇది పురాతనమైన ఆచారం.

పూర్వం రాజులు వేటకు వెళ్ళడం కేవలం వినోదం కోసం కాదు. అడవి అంచు పొలాలలో పంట చేతికివచ్చే వేళ మృగాల బెడద అధికంగా ఉండేది. ప్రజల పంటను, పశువును, ప్రాణాన్ని కాపాడడం రాజధర్మం. ఆ ధర్మానికి దైవరూపమే పారువేట అని పెద్దలు చెబుతారు. దుష్టమృగాలంటే అడవిలోని పులులూ పందులే కావు; మన మనస్సులలో తిరిగే కామక్రోధాదులు కూడా. హిరణ్యకశిపుడనే మృగాన్ని గోళ్ళతో చీల్చిన స్వామికి ఈ వేట కొత్తదేమీ కాదు.

ఇతర క్షేత్రాలలో పారువేట సాధారణంగా స్వల్పకాలంలోనే ముగుస్తుంది. అహోబిలంలో మాత్రమే ఇది నెలన్నర యాత్రగా విస్తరించింది. ఇందుకు కారణం మనకు సుపరిచితమైన ఒక ఇంటి పనిలో ఉన్నది. అది పెండ్లి పిలుపు.

పిలిచేవాడు పెండ్లికొడుకే

మన ఇండ్లలో శుభకార్యం నిశ్చయమైతే ఏమి చేస్తాము? శుభలేఖ అచ్చు వేయించి, నాలుగు మూలలా పసుపు రాసి, మొదటిది కులదైవం ముందు ఉంచుతాము. ఆ పిదప ఇంటి పెద్దలు కుంకుమ భరిణె, అక్షతలు తీసుకొని బంధువుల ఇండ్లకు స్వయంగా వెళతారు. గడపలో నిలిచి, బొట్టు పెట్టి, ‘మీరు తప్పక రావాలి, మీరు లేనిదే మా ఇంట కార్యం లేదు’ అని పిలుస్తారు. ఎంత దగ్గరి బంధువైనా బొట్టు పెట్టి పిలవనిదే కదలడు. పిలవని పేరంటానికి వెళ్ళరాదన్నది మన మర్యాద.

ఫాల్గుణంలో జరిగే బ్రహ్మోత్సవాలలో స్వామి కల్యాణం ప్రధానమైనది. ఆ కల్యాణానికి ప్రజలను ఎవరు పిలవాలి? ఎవరినో పంపకుండా స్వామి తానే బయలుదేరుతాడు. ‘నా పెండ్లికి రండి’ అని ఊరూరా తిరిగి పిలుస్తాడు. ఎక్కడైనా పెండ్లికొడుకు స్వయంగా ఊరూరూ తిరిగి పిలవడం చూశామా? ఇక్కడ పెండ్లికొడుకే పిలుస్తాడు. ఆ పెండ్లికొడుకు పదునాలుగు భువనాలకూ ప్రభువు.

అహోబిల మఠ ప్రథమ పీఠాధిపతులైన ఆదివణ్ శఠకోప యతీంద్ర మహాదేశికులు ఈ ఉత్సవాన్ని నెలకొల్పారని సంప్రదాయం చెబుతున్నది. 1398 ప్రాంతంలో మేల్కోట నుండి అహోబిలానికి వచ్చిన ఆ మహనీయునికి నరసింహస్వామియే సన్న్యాసాశ్రమం అనుగ్రహించాడని మఠ చరిత్ర. ఊరూరా సంచరించి ప్రపత్తి మార్గాన్ని ఉపదేశించమని స్వామి ఆజ్ఞ. యాత్రలో తోడుగా ఏ మూర్తిని తీసుకువెళ్ళాలని యతి వేడుకొనగా, నవనారసింహులలో ఒకడైన మాలోలస్వామి ఉత్సవమూర్తి వారి చేతులలోనికి వచ్చి చేరాడట. నాటినుండి నేటివరకు అహోబిల మఠ పీఠాధిపతులు ఎక్కడికి వెళ్ళినా మాలోలుడు వారితోనే ప్రయాణిస్తాడు. అంటే ఈ క్షేత్రపు దైవానికి నడక సహజగుణం. ఒక మూర్తి యతితో దేశమంతా తిరుగుతాడు. మరి ఇద్దరు మూర్తులు రైతులతో, కూలీలతో, పశుల కాపరులతో పల్లెలు తిరుగుతారు.

చెంచుల ఇంటి అల్లుడు

ఈ పిలుపునకు మరొక ముఖ్యమైన బంధుత్వం ఉన్నది. హిరణ్యకశిపుని సంహరించిన పిదప కూడా స్వామి ఉగ్రం శాంతించలేదు. నల్లమల అడవులలో సంచరిస్తున్న స్వామిని చెంచుగూడెపు కన్య శాంతింపజేసింది. ఆమెయే చెంచులక్ష్మి. స్వామి ఆమెను పరిణయమాడాడు. ఎగువ అహోబిలంలో ఆ తల్లి సన్నిధి నేటికీ పూజలందుకుంటున్నది. అందుచేత చెంచులకు నరసింహుడు దేవుడే కాదు, ఇంటి అల్లుడు కూడా.

పారువేట బయలుదేరే వేళ చెంచులు విల్లంబులతో వచ్చి పల్లకి వైపు బాణాలు వదలడం ఆచారం. మొదటిసారి చూసినవారు ఉలికిపడతారు. దేవుని పల్లకి వైపు బాణమా అని ప్రశ్నిస్తారు. అది తమ అల్లుడిపై వారికున్న చనువు, వేటకు బయలుదేరే వీరునికి వేటగాండ్రు చేసే గౌరవం. వేదమంత్రాలతో అర్చకులు ఎత్తిన హారతికి ఎంత విలువ ఉన్నదో, ఆ బాణానికీ అంతే విలువ ఉన్నది. స్వామి యాత్ర చెంచుల సెలవు తీసుకొనే ఆరంభమవుతుంది. ఆగమశాస్త్రం తెలిసిన అర్చకుడూ, అడవి తెలిసిన చెంచూ ఒకే పల్లకికి ఇరువైపులా నిలుస్తారు. ఎవరు ముందు, ఎవరు వెనుక అన్న ప్రశ్న అక్కడ పుట్టదు.

పల్లెలో స్వామి

దిగువ అహోబిలం దాటిన పల్లకి బాచేపల్లి మొదలుగా ఆళ్లగడ్డ, రుద్రవరం ప్రాంతాల గ్రామాలలో సాగుతుంది. ఒకవైపు నల్లమల కొండలు, మరొకవైపు నల్లరేగడి నేలలు. సంక్రాంతికి ధాన్యం ఇంటికి చేరి ఉంటుంది. మెట్ట చేలలో శనగ, జొన్న పైర్లు నిలిచి ఉంటాయి. ఎండ ఇంకా ముదరలేదు. ఉదయం మంచు విడిచే వేళకు దూరం నుండి డప్పుల చప్పుడు వినిపిస్తుంది. ‘స్వామి పొలిమేర దాటాడు’ అన్న వార్త పల్లకి కంటే ముందే ఊరు చేరుతుంది.

ఆ ఊరికి ఆనాడు తిరునాళ్ళు. ఇండ్లకు సున్నం వేసి, వాకిళ్ళు అలికి, ముగ్గులు పెట్టి సిద్ధంగా ఉంటారు. అత్తవారిండ్ల నుండి ఆడబిడ్డలను పిలిపించుకుంటారు. సంక్రాంతికి రాలేకపోయిన కొడుకు స్వామి వచ్చేనాటికి తప్పక వస్తాడు. ఈ గ్రామాలలో కొన్నింటికి ఇదే అసలైన పెద్ద పండుగ. బోయీలు పల్లకిని గద్దె మీద దింపగానే ఊరి ఆడపడుచులు కడవలతో నీరు తెచ్చి వారి పాదాలపై పోస్తారు. స్వామిని మోసినవాని పాదం కడగడం స్వామి పాదం కడగడంతో సమానమని వారి నమ్మకం. మా దృష్టిలో శాస్త్రమూ అదే చెబుతుంది. భగవంతుని సేవకంటె భాగవతుల సేవ గొప్పదని వైష్ణవ సిద్ధాంతం.

పిదప కొబ్బరికాయలు, పానకం, వడపప్పు. కొందరు మొక్కుబడులు చెల్లిస్తారు. కొత్త దంపతులు తొలి దర్శనం చేసుకుంటారు. నెలల బిడ్డలను పల్లకి క్రిందుగా దాటిస్తారు. ఇన్నింటి నడుమ ప్రతి గ్రామంలోనూ ఒక దృశ్యం తప్పక కనిపిస్తుంది. మంచం పట్టిన ముసలివారిని ఇంటివారు నులకమంచంతో సహా ఎత్తుకువచ్చి వీధి అంచున దింపుతారు. కండ్లు సరిగా కనబడనివారికి మనుమలు చెవిలో చెబుతారు, ‘అవ్వా, సామి వచ్చినాడు, దండం పెట్టుకో’ అని. ఆ అవ్వ ఎగువ అహోబిలం మెట్లు ఎక్కి ఎన్నేండ్లయినదో! ఇక ఎక్కలేదు. ఎక్కవలసిన అవసరమూ లేదు. ఆమె ఎక్కలేదు కనుక ఆయనే దిగివచ్చాడు.

కొండ దిగిన కారణం

ఎనిమిదవ శతాబ్దికి చెందిన తిరుమంగై ఆళ్వార్ ఈ క్షేత్రాన్ని పెరియ తిరుమొళిలో పది పాశురాలతో కీర్తించారు. సింగవేళ్ కుండ్రమని ఆ దివ్యదేశానికి తమిళ నామం. ఆ పాశురాలలో అహోబిలపు కాఠిన్యం వర్ణితమైనది. మండే ఎండ, రాళ్ళు, గద్దలు తిరిగే ఆకాశం, కొల్లగొట్టే వేటగాండ్రు. దేవతలకు తప్ప ఇతరులకు చేరశక్యం కాని చోటని ఆళ్వార్ భావం. నూటెనిమిది దివ్యదేశాలలో ఇంత దుర్గమమైనవి కొన్నే ఉన్నవి. నేడు దిగువ అహోబిలం నుండి ఎగువకు సుమారు ఎనిమిది కిలోమీటర్ల తారురోడ్డు ఉన్నప్పటికీ, జ్వాలా నరసింహుని సన్నిధికి, పావన నరసింహుని సన్నిధికి వెళ్ళేవారు భవనాశిని ఒడ్డున రాళ్ళు రప్పలు దాటి, అడవిలో నడిచి, చెమటోడ్చవలసినదే.

ఇంత దుర్లభుడైన స్వామి ఇంత సులభుడు ఎట్లా అయ్యాడు? పాంచరాత్ర ఆగమం భగవంతునికి ఐదు రూపాలు చెప్పింది. పరమపదంలో పరవాసుదేవుడు, క్షీరాబ్ధిలో వ్యూహమూర్తి, రామకృష్ణాది విభవావతారాలు, హృదయంలోని అంతర్యామి, ఆలయంలోని అర్చామూర్తి. పరవాసుదేవుడు అందని ఆకాశం. వ్యూహమూర్తి దూరపు సముద్రం. విభవావతారం గడచిపోయిన వరద. అంతర్యామి ఉన్నా, త్రవ్వనిదే కనబడని భూగర్భజలం. అర్చామూర్తి మాత్రం మన ఊరి చెరువు. దప్పిక కలిగినవాడు దోసిలి పడితే చాలునని పూర్వాచార్యులు పోల్చి చెప్పారు.

మా వంటి అర్చకులకు ఆ ఉపమానాన్ని మరొక అడుగు ముందుకు తీసుకుపోవాలనిపిస్తుంది. చెరువు దగ్గరకు కూడా నడవలేనివారి సంగతేమి? వారికోసం చెరువే కాలువై వారి వాకిటికి పారి వస్తుంది. ఆ కాలువయే పారువేట. ఆలయంలోని మూలమూర్తి కదలడు, అచలుడు. కదిలేందుకు ఉత్సవమూర్తిని శాస్త్రమే విధించింది. అంటే రాలేనివారి వద్దకు వెళ్ళడం దయతో చేసే అదనపు పని కాదు, ఆరాధనలోనే అంతర్భాగం. ఈ మాట గుర్తుంచుకోదగినది.

మెట్టభూముల నావ

ఇటువంటి పయనం మన మెట్టభూములకే పరిమితం కాదు. సముద్రాన్ని నమ్ముకొని బ్రతికే దేశాలలో ఇదే పని నావ చేస్తుంది. గ్రీసు దేశపు తీరం వెంబడి, దీవుల వెంబడి అనేకమైన చిన్న రేవు పట్టణాలున్నవి. వేసవిలో అవి విహారయాత్రికులతో కిక్కిరిసి ఉంటాయి. ఆ రద్దీకి ముందు, వసంతకాలంలో రేవు నుండి రేవుకు పడవపై వెళ్ళేవారికే ఆ ఊళ్ళ నిజస్వరూపం కనబడుతుంది. వలలు బాగుచేసుకొనే జాలరులు, గోడలకు సున్నం వేసుకొనే గృహిణులు, ఇరుగుపొరుగు పలకరింపులు. అతిథుల కోసం ముస్తాబు కాని ఊరు తనకోసం తాను బ్రతికే ఊరు.

ఆ కాలంలోనే వారి ఈస్టరు పండుగ వస్తుంది. ఇద్రా అనే దీవిలో మోటారు వాహనాలకు అనుమతి లేదు. నడక, కంచరగాడిదలు, పడవలే సాధనాలు. అక్కడి కామినీ రేవులో గుడ్ ఫ్రైడే రాత్రి పూలతో అలంకరించిన పవిత్ర వేదికను భుజాలపై మోసుకొని భక్తులు సముద్రపు నీటిలోనికి దిగుతారు. నావికుల కోసం అక్కడే ప్రార్థన చేస్తారు. మతం వేరు, నేల వేరు, భాష వేరు. కానీ కష్టజీవి ఎక్కడ శ్రమిస్తాడో అక్కడికే పవిత్రమూర్తిని మోసుకుపోవాలన్న తలపు ఒక్కటే. వారికి సముద్రం, మనకు నల్లరేగడి. వారు నడుములోతు నీటిలో నిలుస్తారు, మన బోయీలు మోకాలిలోతు దుమ్ములో నడుస్తారు.

పిలుపు మారితే

ఇప్పుడు కొంచెం కఠినమైన మాట చెప్పవలసి ఉన్నది. పారువేటను ఘనమైన వారసత్వ సంపదగా ప్రపంచం గుర్తించాలన్న కృషి ఇటీవలి సంవత్సరాలలో సాగుతున్నది. యునెస్కో గుర్తింపు కోసం ఇంటాక్ సంస్థ పూనుకొన్నది. సంతోషించవలసిన విషయమే. పేరు వస్తే రక్షణ వస్తుంది. అయితే ఈ ఉత్సవానికి ప్రాణం పేరులో లేదు, మూడు విషయాలలో ఉన్నది. భుజం, నడక, నిరీక్షణ.

భుజం అనగా మోసేవారు. పల్లకి బరువు ఎంతో దానిని మోసేవారి భుజంపై కాయకట్టిన చర్మమే చెబుతుంది. ఇది వంశపారంపర్యంగా వస్తున్న కైంకర్యం. నెలన్నర పాటు ఇల్లు విడిచి, నేలపై పరుండి, ఊరివారు పెట్టిన అన్నం తిని చేసే సేవ. ఆ ఇండ్ల పిల్లలు నేడు చదువుకొని నగరాలకు ఉద్యోగాలకు వెళుతున్నారు. వెళ్ళవలసినదే, వారి అభివృద్ధిని ఎవరు కాదంటారు? కానీ వారి స్థానంలో నిలిచేవారెవరు అన్న ప్రశ్నకు ఊరంతా కలిసి సమాధానం వెతకాలి. దర్శనానికి ముందు వరుస కోసం పోటీ పడే మనము, ఆ భుజాల వెనుక ఉన్న సంసారాల గురించి ఎన్నడైనా విచారించామా?

నడక అనగా కాలం. రోడ్లు పడ్డాయి, వాహనాలు వచ్చాయి. పల్లకిని వాహనంపై ఉంచి నాలుగు దినాలలో అన్ని ఊళ్ళూ చుట్టి రావచ్చు కదా అని అడిగే యువకులున్నారు. చుట్టి రావచ్చు. కానీ అది సమాచారం అందించడం అవుతుంది, పిలవడం కాదు. శుభలేఖను సెల్‌ఫోనులో పంపినప్పుడు ఏమి జరుగుతున్నదో మనకు తెలుసు. తేదీ తెలుస్తుంది, వేదిక తెలుస్తుంది, ముహూర్తం తెలుస్తుంది. ‘మీరు లేనిదే మా ఇంట కార్యం లేదు’ అన్న మాట మాత్రం చేరదు. ఆ మాటకు మనిషి కావాలి, గడప కావాలి, కొంత సేపు కూర్చోవడం కావాలి. స్వామికి సర్వవ్యాపకత్వమున్నది. స్తంభంలోనూ ఉన్నానని నిరూపించినవాడు ఆయనే. అట్టివాడు ఒక పల్లె నుండి మరొక పల్లెకు బోయీల అడుగులతో వెళ్ళడాన్ని ఎంచుకున్నాడంటే, ఆ ఆలస్యంలోనే అనుగ్రహమున్నదని గ్రహించాలి.

నిరీక్షణ అనగా వాకిట ఎదురుచూసేవారు. పల్లెలలో నేడు వృద్ధులే అధికం. పిల్లలు హైదరాబాదులో, బెంగుళూరులో, అమెరికాలో ఉంటున్నారు. ఏడాదిలో ఆ ముసలివారి వాకిటికి తప్పక వచ్చే అతిథి ఒక్క స్వామియే అయిన ఇండ్లు మేము చూశాము. స్వామి వచ్చి వెళ్ళిన తరువాత ఆ వాకిలి మళ్ళీ ఏడాది ఖాళీ. దేవుడు తన వంతు నెరవేర్చాడు. మన వంతు మాటేమిటి?

ముందుగా వెళ్ళినవాడు

భక్తులకు మా విన్నపం ఒక్కటే. అహోబిలం తప్పక దర్శించండి. 2022 ఏప్రిల్ 4 నుండి ఈ క్షేత్రం నంద్యాల జిల్లాలో చేరినది. ఆళ్లగడ్డ వరకు బస్సులున్నవి. అక్కడినుండి అహోబిలం సుమారు 25 కిలోమీటర్లు. బ్రహ్మోత్సవాలలో రథం కదిలేటప్పుడు కలిగే పులకింతకు సాటి లేదు. కానీ వీలైతే ఒక్క ఏడాది బ్రహ్మోత్సవాలకు ముందే రండి. కనుమకూ ఫాల్గుణానికీ నడుమ, పల్లకి ఏ పల్లెలో ఉన్నదో దిగువ అహోబిలంలో విచారించి ఆ పల్లెకు వెళ్ళండి. అక్కడ ప్రత్యేక దర్శనం టికెట్టు ఉండదు. క్యూ ఉండదు. గద్దె మీద స్వామి, చుట్టూ ఊరు. ఎవరో ఒకరు ‘భోజనం చేసి వెళ్ళండి’ అంటారు. కాదనకండి; అది స్వామి ఇంటి పిలుపే.

వెళ్ళినప్పుడు మూడు నియమాలు పాటించండి. మొదటిది, పల్లకి ముందు ఛాయాచిత్రాల కోసం తొక్కిసలాడకండి. మంచంపై ఉన్న వృద్ధునికి దారి విడవండి. రెండవది, బోయీలకు, వాద్యగాండ్రకు, చెంచులకు మీకు తోచిన సంభావన గౌరవంగా చేతికి అందించండి, విసరకండి. మూడవది, ఆ పల్లెలో ప్లాస్టిక్ సంచులు, సీసాలు వదలి రాకండి. స్వామి వేటాడవలసిన కొత్త మృగాన్ని మనమే ఊరిలో విడిచిరావడం న్యాయం కాదు.

రాలేనివారు విచారించనవసరం లేదు. పారువేటను ఇంటనే ఆచరించే మార్గమున్నది. సంక్రాంతి తరువాత, ఫాల్గుణ పూర్ణిమ లోపుగా, మీ బంధువులలో ఎవరు నడవలేని స్థితిలో ఉన్నారో ఒక్కసారి తలచుకోండి. మేనత్త కావచ్చు, పెదనాన్న కావచ్చు, చదువు చెప్పిన గురువు కావచ్చు, ఎప్పుడో మీ ఇంట పనిచేసి వృద్ధాప్యంలో ఒంటరియైన మనిషి కావచ్చు. పెండ్లో, పేరంటమో, పరామర్శో కారణం ఉండనక్కరలేదు. వారు పిలవకముందే మీరు వెళ్ళండి. ఒక పండు చేతిలో పెట్టి, పాదాలకు నమస్కరించి, గడియసేపు కూర్చోండి. ‘మా ఇంటికి రండి’ అని పిలవండి. వారు రాలేరని మీకు తెలుసు, వారికీ తెలుసు. అయినా పిలవండి. పల్లెలోని ఆ అవ్వ కూడా స్వామి కల్యాణానికి రాలేదని స్వామికి తెలుసు. తెలిసే ప్రతి ఏడాదీ వెళ్ళి పిలుస్తున్నాడు.

ప్రహ్లాదుడు పిలిచినప్పుడు స్తంభం చీల్చుకొని వచ్చిన స్వామి, పిలిచే శక్తి కూడా లేనివారి కోసం కొండ దిగి వస్తున్నాడు. మొదటిది పురాణంలో ఒక్కసారి జరిగినది. రెండవది ప్రతి కనుమనాడు మన కండ్ల ముందు జరుగుతున్నది. జ్వాలా నరసింహుడు, ప్రహ్లాదవరదుడు ఈ వ్యాసం చదివిన ప్రతి ఇంటి గడపనూ తమ పల్లకి ఆగే గద్దెగా చేసుకొందురు గాక!

సర్వే జనాః సుఖినో భవంతు.